బురదలో పురుడు

మా చిత్తడిని నిర్జీవ భూమి అని కాగితం మీద రాసినవాడు అందులో కాలు పెట్టలేదు. గట్టు మీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఫోటో తీసుకుని పోయాడు. ఆ ఒక్క మాట చాలు, చిత్తడిని పూడ్చే మట్టి లారీలు రావడానికి. నేను ఆఫీసు గుమ్మం ముందు బైఠాయించాను, గొంతు పోయేదాకా అరిచాను, అర్జీలు రాశాను. అర్జీల్లో అక్షర దోషాలున్నాయని నవ్వారు. నవ్వనీ. చివరికి పై ఆఫీసు ఒక్క మెట్టు దిగింది. పాముల మీద పరిశోధన చేసే మనిషి వచ్చి పన్నెండు రోజులు వెతుకుతుంది. బురద పాములు దొరికితే ఫైలు వెనక్కి. దొరక్కపోతే లారీలు.

అలా వచ్చింది పాముల మేడం. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడలో పెన్ను.

"పాములతోనే ఎందుకు తేలుస్తారు?" అని మొదటి రోజే అడిగాను.

"ఈ పాము చేపలు తిని బతుకుతుంది అక్కా. పాము ఉందంటే చేప ఉన్నట్టు, చేప ఉందంటే నీళ్లు బతికున్నట్టు. అంతే."

అంతే అంది. ఇన్నేళ్లు నేను నాలుగు పేజీల్లో కూడా చెప్పలేకపోయాను ఆ ముక్క.

పని ఇలా సాగింది. మేం చేపలు పట్టే వెదురు బుట్టలు అరవై తీసుకున్నాం. లోపలికి వంగిన ఈనెలతో సన్నటి నోరు ఉంటుంది వాటికి. దూరింది బయటికి రావడం కష్టం. సాయంత్రం జమ్ము గడ్డి మొదళ్లలో, గుర్రపు డెక్క ఆకుల అంచుల్లో పెట్టాలి. బుట్ట పైభాగం నీళ్లపైన ఉండాలి, లోపల పడింది ఊపిరి తీసుకోవాలి కదా. తెల్లారాక ఎత్తాలి. ఒక పడవలో నేను, ఇంకో పడవలో మా వదిన. మేడం గట్టు మీది రేకుల షెడ్డులో త్రాసు, టేపు, గుడ్డ సంచులు సర్దుకుని మా కోసం ఎదురు చూసేది.

పదకొండు రోజులు ఎత్తాం. చేపలు వచ్చాయి. పీతలు, కప్పలు, ఎవరిదో ఎడమకాలి చెప్పు వచ్చాయి. ఆఫీసు అడిగిన పాము మాత్రం రాలేదు. మేడం నోటుబుక్కులో రోజుకొక సున్నా.

"భలే పేర్చావమ్మా గుడ్లు. పొదిగిస్తావా?" అంది వదిన.

మేడం నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు. చిన్నప్పుడు నీళ్లలో నడుస్తుంటే పిక్కలకు మెత్తగా తగిలి పోయేవి ఆ పాములు. ఎక్కడికి పోయాయి? రుమాలు పెట్టుకున్నవాడే నిజం రాశాడా? నేను ఇన్నాళ్లూ శవం పక్కన కూర్చుని, బతికే ఉందని అరిచానా?

పన్నెండో రోజు పొద్దున మేడం నా పడవ ఎక్కింది. మధ్యాహ్నానికి పై ఆఫీసు నుంచి సర్వే అధికారి లెక్క రాసుకునే ఫారం పట్టుకుని వస్తాడు. "షెడ్డులో కూర్చుంటే పిచ్చెక్కుతోంది అక్కా, నేనూ వస్తా" అంది.

తొమ్మిది బుట్టలు ఎత్తాను. ఆమె నీళ్ల లోతు కొలుస్తూ, రాసుకుంటూ ఉంది. పదో బుట్ట ఎత్తినప్పుడు తల తిప్పి నా చేతుల వైపు చూసింది.

"అక్కా, ఆగు! ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తున్నాను? బుట్ట జాడిస్తున్నా."

నోరు కిందికి తిప్పి, నీళ్లలో రెండుసార్లు ముంచి జాడించడం. బురద పోవాలి కదా. మేం ఎత్తే ప్రతి బుట్టా అలాగే ఎత్తుతాం. చేప వెడల్పుగా ఉంటుంది, రెక్కలు అడ్డం పడతాయి, ఈనెల్లోంచి జారదు. ఊపిరి పీల్చినంత మామూలు పని. అది పనే కాదు, చెయ్యి దానంతట అది చేసుకుపోతుంది.

మేడం వేలు చూపించింది. బుట్ట నోట్లోంచి కారుతున్న బురదలో ఒక బురద కారలేదు. మెలి తిరిగింది. మూరెడు పొడవు, బొటనవేలంత లావు. నీళ్లలో కలిసిపోయింది.

పదకొండు రోజులు. రోజుకు అరవై బుట్టలు. లారీలు ఆపుతానని రొమ్ము చరుచుకున్నదాన్ని, సాక్ష్యాన్ని నా చేతుల్తో నేనే కడిగి పారబోశాను.

"వదినా!" అని కేక పెట్టాను. కొంగలు లేచిపోయాయి. "బుట్ట జాడించకు!"

జమ్ము అవతలి నుంచి జవాబు వచ్చింది. "పొద్దున్నే ఏం పట్టిందే నీకు? కాపురానికి వచ్చిన కొత్తలో మురికి బుట్ట తెచ్చానని మీ అమ్మ నన్ను ఎంత సాధించింది!"

"మా అమ్మ పోయి ఆరేళ్లయింది! మురికితోనే పట్టుకురా!"

"ఆ మాట ఆవిడ ఉన్నప్పుడు చెప్పాల్సింది!"

తర్వాతి బుట్టను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాను. నిలువుగా, నోరు పైకి. అడుగున నల్లటి ముద్ద. ముద్దలో రెండు చుక్కలు మెరిశాయి. కళ్లు. పక్కల కాదు, తల పైన ఉన్నాయి. ముక్కు రంధ్రాలూ పైనే. మేడం రెండు చేతుల్తో తీసి నీళ్లలో కొంచెం ముంచింది. రంధ్రాలు తలుపులు వేసుకున్నట్టు మూసుకున్నాయి. పైకి ఎత్తింది, తెరుచుకున్నాయి. మళ్లీ ముంచింది, మూసుకున్నాయి. నలభై ఏళ్లుగా ఈ నీళ్లలో ఉన్నాను. దీని పక్కనే బతికాను. ఒక్కసారి చూడలేదు.

"కరుస్తుందా?"

"కరుస్తుంది. వెనక పళ్లలో కొంచెం విషం ఉంది. చేపను మత్తెక్కించడానికి చాలు, మనల్ని ఏమీ చెయ్యదు."

దానితో కలిపి మిగిలిన బుట్టల్లో ఇరవై ఏడు దొరికాయి. వదిన పడవలోనే పదహారు. సంచుల మీద ఏ బుట్టలో దొరికిందో నంబరు రాసి, షెడ్డులో వరసగా పెట్టాం. పొడవు, బరువు, ఆడా మగా. ఒకటి మాత్రం మరీ లావుగా ఉంది. త్రాసు మీద నిలవలేదు. తెల్ల బేసిన్లో వేలెడు నీళ్లు పోసి అందులో వదిలింది మేడం.

సర్వే అధికారి అప్పుడే వచ్చాడు. బూట్లకు మట్టి అంటకుండా రాయి మీంచి రాయి మీదికి కాలేస్తూ. ఫారం తీశాడు.

"ఎన్ని?"

"ఇరవై ఎనిమిది అండీ. ఒకటి జారిపోయింది, పట్టుకున్నవి ఇరవై ఏడు" అన్నాను.

పెన్ను మూత తీశాడు. "ఇరవై ఏడు" అని గొణుక్కుంటూ బేసిన్ వైపు వంగాడు. "దీనికేమైంది? చస్తోందా?"

పాము ఒళ్లంతా ఒకే అల నడుస్తోంది, మెడ నుంచి తోక దాకా. ఇంకోటి. తోక మొదట్లో ఉబ్బింది. ఉబ్బినది బయటికి వచ్చింది. అద్దంలాంటి పొర, లోపల చుట్ట చుట్టుకున్న చిన్న పాము. పిల్ల ముక్కుతో పొడిచి పొర చింపుకుంది. తల పైకి పెట్టింది. మొదటి ఊపిరి తీసుకుంది, మేం చూశాం, ఆ చిటికెనంత ఛాతీ లేచింది. వెంటనే మునిగింది. ఎవరూ నేర్పలేదు. ముక్కు తలుపులు మూసుకుని మునిగింది.

"పాము గుడ్లు కదా పెట్టేది?" అన్నాడు అధికారి. గొంతు తగ్గింది.

"ఇవి పెట్టవు సార్. ఈ బురదలో గుడ్డు ఎక్కడ దాచుకుంటుంది? కడుపులోనే పెంచి కంటుంది" అంది మేడం.

వదిన కాన్పులు చూసిన మనిషి. బేసిన్ పక్కన చతికిలబడి, "తొందర పడకు తల్లీ, ఎవరూ తరమట్లేదు" అంది పాముతో.

రెండోది. మూడోది. అధికారి నేల మీద కూర్చున్నాడు, ప్యాంటు సంగతి మర్చిపోయాడు. గంటన్నర గడిచింది. తల్లి ఒక్కోసారి ఆగేది, నీళ్లలో తల ఆనించేది, మళ్లీ అల మొదలయ్యేది. పదకొండు పిల్లలు. పన్నెండోది వస్తుందేమోనని ఇంకాసేపు చూశాం. రాలేదు.

"ముప్పై ఎనిమిది" అన్నాడు. రాశాడు. సంతకం పెట్టాడు. ఫైల్లోంచి రుమాలు పెట్టుకున్నవాడి కాగితం తీసి, అడ్డంగా గీత కొట్టి, ఆ ఫారం కింద పెట్టాడు. "ఫైలు నేనే వెనక్కి పంపిస్తాను" అన్నాడు నా వైపు చూడకుండా.

ఎక్కడ పట్టినవి అక్కడే వదలాలి. తల్లీపిల్లలది నలభయ్యో బుట్ట చోటు. అధికారి బూట్లు విప్పి పడవ ఎక్కాడు. జమ్ము మొదట్లో నేను బేసిన్ వంచాను. తల్లి ముందు పోయింది, వెనక్కి చూడలేదు. పిల్లలు బురదలో పడ్డ చోట బురద ఒక్క క్షణం కదిలి, మళ్లీ బురదయింది.

నీళ్లు సద్దుమణిగాయి. కాసేపటికి నీటి మీద ఆవగింజంత ముక్కు మొన ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. ఊపిరి తీసుకున్నాయి.