గురువారం వంట

చెయ్యేరు కట్ట తెగి ఊర్లు కొట్టుకుపోయిన వరదకు అది మూడో ఏడు. కువైట్‌లో వఫ్రాలోని టమాటా తోటకు ఓబుళరెడ్డి మేస్త్రీగా వచ్చింది ఆ చలికాలమే.

తోటలో ఏడుగురు కూలీలు, ఒకటే పొయ్యి, రోజుకొకరు వంట. గురువారం గంగాధరది. పద్నాలుగేళ్లుగా ఆయన చేతి పప్పు రాయచోటి మహబూబ్ బాషా తిన్నాడు, బెంగాలీ రహీమ్ తిన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

మేస్త్రీ వచ్చిన రోజే మన జిల్లావాళ్లెవరని వాకబు చేశాడు. గంగాధర ఊరి పేరు చెప్పాడు. ఊర్లోనా, కాలనీలోనా అని అడిగాడు మేస్త్రీ. గంగాధరకు అబద్ధం నోట రాదు. కాలనీ అన్నాడు. అంతే. ఆ వారం నుంచి గురువారం వంట తోటి కూలీ ఖాసిం వలికి పోయింది, గంగాధరకు గిన్నెలు తోమే పని వచ్చింది. నీళ్ల డ్రమ్ము దగ్గర అందరికీ స్టీలు గ్లాసులు. ఆయనకు కంచెకు తీగతో కట్టిన ప్లాస్టిక్ గ్లాసు. తక్కినవాళ్లు చూశారు. దేశంలో ఉండనిచ్చే ఇఖామాలూ సెలవులూ మేస్త్రీ నోటి మాట మీదే ఉన్నాయి గనుక తలలు దించుకున్నారు.

గంగాధర పళ్లెం తీసుకుని కంచె అవతల ఒక్కడే కూర్చునేవాడు. గాలి వీస్తే అన్నంలో ఇసుక పడేది. ఏరి తినేవాడు.

భార్య సంజీవమ్మ హవల్లీలో ఒక ఇంట్లో పనిమనిషి. ఒకే దేశంలో ఉండి మొగుడూ పెళ్లాం ముఖాలు చూసుకుని ఐదు నెలలైంది. శుక్రవారం ఫోనులో, నిన్న ఏం వండినావని ఆమె అడిగింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

"మామ చెయ్యి గుర్తుండాదా నీకు?" అంది.

ఎందుకు లేదు. కరువు ఏడు. తమ వాడ బావి ఎండిపోతే నాయన ఊరి బావిలో కడవ ముంచాడు. ముంచిన కుడిచేతిని గట్టు రాయి మీద పెట్టించి గొడ్డలి కామతో విరగ్గొట్టారు. మూడో తరగతి పలక చంకన పెట్టుకుని గంగాధర చూశాడు. మర్నాటి నుంచి పలక లేదు, నాయన బదులు కూలికి పోయాడు. నాయన చచ్చేదాకా ఎడమచేత్తోనే తిన్నాడు.

ఆ నెలలోనే మహేష్ కొత్తగా తోటకు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, అదే కాలనీ, గంగాధరకు వరుసకు తమ్ముడి కొడుకు. కంచెకున్న గ్లాసు చూసి, మాది రాజంపేట టౌను అని మేస్త్రీకి చెప్పుకున్నాడు. గంగాధర ఎరగనట్టే ఉండిపోయాడు. మహేష్ మేస్త్రీ పక్కన కూర్చుని తినేవాడు. పెద్దాయన వీపు వైపు మాత్రం చూసేవాడు కాదు.

బుధవారం లారీకి టమాటా పెట్టెలు ఎత్తుతుంటే వరస గంగాధర మీదికి ఒరిగింది.

"పెద్నాయినా, జరుగు," అని మహేష్ అరిచాడు.

పెట్టెలు పక్కన పడ్డాయి. మేస్త్రీ మెల్లగా దగ్గరికొచ్చాడు.

"వీడు నీకు పెద్నాయినెట్లయితాడ్రా? ఇన్నాళ్లూ నా పక్కన కూసోని తింటివి గదరా."

నీళ్ల పైపు ముక్కతో కొట్టాడు. రెండో దెబ్బకు మహేష్ కూలబడ్డాడు. మూడో దెబ్బకు గంగాధర అడ్డం వచ్చాడు. చెయ్యి ఎత్తలేదు. తోటివాళ్ల వైపు తిరిగాడు.

"మా నాయన్ను కొట్టినోళ్లు నలుగురే. వాళ్ల మొగాలు మర్సిపోతి. సూస్తా నిలబన్నోళ్ల మొగాలు మాత్రం యాభై ఏండ్లయినా మర్సిపోల్యా."

మహబూబ్ బాషా మోస్తున్న పెట్టె కింద పెట్టాడు. ఖాసిం వలి పెట్టాడు. రహీముకు తెలుగు రాదు, దెబ్బ అర్థమైంది. అతనూ పెట్టాడు. ఒకరి వెనక ఒకరు అందరూ పెట్టారు. లారీ డ్రైవరు యల్లా యల్లా అని హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు.

"రేప్పొద్దున తోట ఓనరు కఫీల్ కారొస్తాది. పెట్టె ఎత్తనోడు విమానమెక్కాల్సిందే. ముందు ఈ ముసిలోడు," అన్నాడు మేస్త్రీ.

"అందర్నీ ఎక్కిచ్చు సామీ," అన్నాడు బాషా. "టమాటాలు నువ్వొక్కడివే కోసుకుందువు. నడుం జాగర్త."

లారీ సగం ఖాళీగా పోయింది.

మర్నాడు గురువారం. గంగాధర అందరికంటే ముందు లేచాడు. బట్టలు సంచిలో సర్ది వాకిట్లో పెట్టాడు. కంచె తీగ విప్పి ప్లాస్టిక్ గ్లాసును చెత్తలో వేశాడు. పొయ్యి వెలిగించాడు. మహేష్ వచ్చి ఎర్రగడ్డలు కోయడానికి కూర్చున్నాడు. ఎంతమందికని అడిగాడు.

తొమ్మిది మందికి ఎసరు పోశాడు గంగాధర. మేస్త్రీని కూడా కలుపుకుని. తింటే తింటాడు, లేకుంటే పస్తుంటాడు.

ఆరుగురూ పళ్లేలు పట్టుకుని వరసగా వచ్చారు. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది. గంగాధర తలెత్తలేదు. గరిటె నిండా పప్పు తీసి మొదటి పళ్లెంలో పోశాడు.