అప్పలనరస ఏడవలేదు

నేను ఒక సూదిని. బట్టలు కుట్టడానికే పుట్టాను. యంత్రం నన్ను తీగలోంచి తెంచి, మొన తీర్చి, బెజ్జం పొడిచి, నాలాంటి వాటితో కలిపి నల్ల కాగితానికి గుచ్చింది. తీర్థంలో గాజులమ్మే ఆయన దగ్గర తవిటమ్మ నన్ను కొన్నప్పుడు ఏ రవికకో గుండీలు కుడతాననుకున్నాను. ఆమె నన్నూ మరో రెండు సూదుల్నీ పక్కపక్కన పెట్టి దారంతో బిగించి కట్టింది. ఆ రోజు నుంచి మనుషుల చర్మమే నాకు బట్ట.

తవిటమ్మ సంతలో పచ్చబొట్లు పొడిచేది. దీపపు మసిని ఆకు పసరుతో నూరి కొబ్బరి చిప్పలో పెట్టుకునేది. మనుషులు చిత్రమైనవాళ్ళు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే వీధంతా వినేలా అరుస్తారు. నా దగ్గరికి మాత్రం తల దువ్వుకుని వచ్చి, చెయ్యి చాపి, గుచ్చమని అడుగుతారు. మొగుడి పేరు నోటితో పలకని ఆడవాళ్ళు ఆ పేరునే జన్మంతా చేతి మీద మోస్తారు. పెళ్ళాం పేరు పొడిపించుకోవడానికి వచ్చిన మగవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. మొదటి అక్షరం పూర్తికాకుండానే లేచిపోయాడు.

ఎవరెంత బిగబట్టుకున్నా నాకు తెలిసిపోతుంది. నేను దిగిన ప్రతిసారీ లోపల కండ ఉలిక్కిపడుతుంది. మనుషులతో నా పరిచయం అదే.

పైడితల్లి ఒక మధ్యాహ్నం తన కూతురు అప్పలనరసను తీసుకొచ్చింది. పదేళ్ళ పిల్ల. ముంజేతి మీద, చిటికెన వేలి వైపున, పాలిపోయిన మచ్చ ఉంది.

"తవిటప్పా, ఈ మచ్చ మీదే పువ్వెయ్యి. బళ్ళో గుంటలు సోబిమచ్చ సోబిమచ్చ అని దీన్ని పక్కన కూకోనియ్యట్లేదంట" అంది పైడితల్లి.

"ఏడిత్తే మద్దెలో ఆపను, ముందే సెప్తన్నాను" అంది తవిటమ్మ.

మచ్చ బయట ఆకులు గీస్తున్నంతసేపూ పిల్ల చెయ్యి లాక్కుంటూనే ఉంది. మచ్చలోకి వెళ్ళాక మాత్రం నాకేదో తేడాగా అనిపించింది. కండ కదల్లేదు. దిండు కుడుతున్నట్టు ఉంది. అప్పలనరస బెల్లం జీడి నములుతూ, మెడ తిప్పి కోతులాడించేవాణ్ణి చూస్తోంది.

"నొప్పెట్టట్లేదేటే గుంటా?"

"నేదు."

"ఓలమ్మ, ఎంత గుండె దీనికి" అంది తవిటమ్మ. పక్కనున్న ఒకావిడ తన కొడుకు నెత్తి మీద మొట్టి, "ఆడగుంట, దాన్ని సూసి సిగ్గుపడు" అంది. పైడితల్లి ముఖం విప్పారింది. ఆ పిల్లకు లేనిది భయం కాదని అంతమందిలో నాకొక్కదానికే తెలిసింది. నాకు మొన ఉంది గానీ నోరు లేదు.

ఆ రోజు నుంచి అప్పలనరసకు ధైర్యం గల పిల్లని పేరొచ్చింది. మనుషులు ఒక పేరు ఇచ్చారంటే, అది నిలబెట్టుకోవడానికి పిల్లలు ఏమైనా చేస్తారు. పొయ్యి మీది డేగిసా గుడ్డ లేకుండా దించేదట. పైడితల్లి సంతకొచ్చి ఆ సంగతులు మురిపెంగా చెప్పేది. వినడం తప్ప నాకు వేరే పని లేదు.

కొన్నేళ్ళకు ఆ తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. వెంట భానోజీ ఉన్నాడు. సైకిలు మీద ఊరూరా తిరిగి కుష్టు మచ్చలు వెతికి మందులిచ్చే ఆరోగ్య కార్యకర్త. అప్పలనరస పువ్వున్న చేతిని ఓణీ కింద దాచుకుని నిలబడింది. భానోజీ దాన్ని బయటికి తీసి చూపించాడు. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ లోపలికి ముడుచుకుపోయాయి.

"అమ్మా, ఈ పువ్వు వేసినప్పుడు పిల్ల ఏడ్చిందా?" అని అడిగాడు భానోజీ.

"ఏడవడమా బాబూ? జీడి తింది. అంత గుండె గల గుంటని నాను మరి సూడ్నేదు."

భానోజీ తవిటమ్మ పరిచిన గోనెపట్టా మీద కూర్చున్నాడు. "గుండె కాదమ్మా. అది కుష్టు మచ్చ. అక్కడ స్పర్శ అప్పటికే పోయింది. ఇకమీదట ఎవరైనా మచ్చ మీద పొడవమంటే ముందు నాకు కబురు పెట్టు." ఆ పువ్వు మీద వేలు ఆనించి అన్నాడు. "ఆ ఏడాదే నేను వీళ్ళ బడికెళ్ళాను. తెల్ల మచ్చల కోసం పిల్లలందరి చేతులూ చూశాను. ఈ చెయ్యి పట్టుకుని, పువ్వు బాగుందే అని వదిలేశాను."

"అప్పుడే మందు పడితే?" అంది పైడితల్లి.

"వేళ్ళు నిలిచేవి."

"నానే కదా మచ్చ మీద ఎయ్యమన్నాను" అంది ఆమె.

మాత్రలు అట్టల్లో వచ్చేవి. నెలకోసారి భానోజీ ఎదుట కొన్ని మింగాలి, మిగతావి రోజూ ఇంట్లో. మూత్రం ఎర్రగా వస్తే పైడితల్లి హడలిపోయింది. మందు రంగేనని అతను నచ్చజెప్పాడు. అప్పలనరస ఒక్క మాత్ర కూడా వదలలేదు. రోగం పూర్తిగా పోయింది. స్పర్శ తిరిగి రాలేదు, వేళ్ళూ తెరుచుకోలేదు.

తవిటమ్మ ఆ పని మానేసింది. దారం విప్పి మమ్మల్ని విడదీసింది. నన్ను పైడితల్లికి ఇవ్వడంతో నేను అప్పలనరస ఇంటికి చేరాను. ఎట్టకేలకు బట్టలు కుట్టే యోగం పట్టింది. భానోజీ ఆమెకు చెప్పి ఉంచాడు: "దెబ్బ తగిలితే నీ చెయ్యి నీకు చెప్పదు. నువ్వే రోజూ కళ్ళతో చూసుకోవాలి." ఆమె చూసుకునేది. అరచేతులు తిప్పి తిప్పి, ఎవరిదో పరాయి వస్తువు చూసినట్టు చూసేది.

మొన్న మధ్యాహ్నం పాత చీరలు కలిపి బొంత కుడుతోంది. దళసరి చోట నేను జారాను. దారం తెగింది. నేను ఆమె ముడుచుకున్న వేళ్ళ కింద, అరచేతి అంచులో సగం దాకా దిగాను.

అప్పలనరస బొంత దులిపింది. చాప ఎత్తింది. కొంగు విదిలించింది. "అమ్మా, సూది పడిపోనాది, కాళ్ళకి గుచ్చుకుంటాది, జాగర్త" అని, నేల మీద వంగి వెతకసాగింది.

పైడితల్లి వచ్చి వంగబోయి, ఆగిపోయింది. కూతురు పక్కన చతికిలబడి, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. నన్ను మెల్లగా బయటికి లాగింది.

అప్పలనరస చూపు ఇంకా చాప కిందే ఉంది. తర్వాత తల తిప్పి, తల్లి వేళ్ళ మధ్య నన్ను చూసి, నిశ్చింతగా అడిగింది.

"ఎక్కడ దొరికిందే అమ్మా?"