సాంబయ్య నవ్వు దాకా

భానుమూర్తికి అభిప్రాయాలు ఎక్కువ, వినేవాళ్ళు తక్కువ. నూజివీడులో డిగ్రీ చదివి, లెక్కల్లో తప్పి, తండ్రి చలపతిరావు మాస్టారి ఎదుట పడలేక ఆగిరిపల్లి దగ్గరున్న తమ మామిడితోటలోకి వచ్చి పడ్డాడు. అడిగినవాళ్ళకి కాపలా అని చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళొచ్చినా కాకిని కూడా అదిలించడం చేతకానివాడు కాసే కాపలా ఏపాటిదో తోటలో కోతులకి బాగా తెలుసు. అసలు కాపలా సాంబయ్యది. తాటాకు పాకలో సాంబయ్య, అతని భార్య దుర్గ ఉండేవారు. పక్కనే కరెంటు లేని పెంకుల గదిలో భానుమూర్తి, రేడియో, టేపు రికార్డరు కలిసిన అతని టూ ఇన్ వన్, మూడు క్యాసెట్లు, బొంబాయి నుంచి మేనమామ తెచ్చిన అరచేతి వీడియో గేమ్.

ఆ గేమ్‌లో పైనుంచి గుడ్లు రాలుతుంటాయి, కింద ఒక బొమ్మ మనిషి బుట్ట పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తాలి. అంతే. బెజవాడలో బస్టాండు దగ్గరి షాపులో రంగురంగుల పెద్ద గేములు ఉన్నాయి గానీ, స్టీరింగు తిప్పే కార్ల గేములు వట్టి దండగని భానుమూర్తి అభిప్రాయం. రంగులు చూసి జనం మోసపోతారు. ఎంత బాగా ఆడినా ఆఖరికి ఓడిపోక తప్పని గేమే మంచి గేమ్, ఎందుకంటే అది అబద్ధం చెప్పదు. ఈ మాట తనకి తట్టినరోజు అతను ఎంతో సంబరపడి, ఎవరికి చెప్పాలా అని చుట్టూ చూశాడు. చుట్టూ మామిడిచెట్లున్నాయి.

పాటల సంగతీ అంతే. శనివారం పొద్దుగూకే వేళ లండన్ రేడియోలో అరగంటసేపు రాక్ పాటలు వచ్చేవి. పెద్ద కంపెనీల పాటలు కావు. నలుగురు కుర్రాళ్ళు ఏ కార్ల షెడ్డులోనో కూడి, సొంత ఖర్చుతో రికార్డు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునే బాపతు. గరగరమనే రేడియోకి చెవి ఆనించి వినేవాడు. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం తనే కల్పించుకునేవాడు. పెద్ద కంపెనీలు పాటని ఉతికి ఇస్త్రీ చేసి అమ్ముతాయనీ, గొంతు చీరుకుపోయినా దిద్దుకోకుండా వదిలేసిన పాటే పాట అనీ అతని గట్టి నమ్మకం. క్లాసువాళ్ళకి చెబితే నవ్వారు. తండ్రికి చెప్పే ధైర్యం లేదు. సాంబయ్య ఒక్కడే బీడీ కాల్చుకుంటూ అంతా విని, "అట్టాగా బాబుగారూ" అనేవాడు. ఆ పాటలు పెడితే కోతులు రావడం లేదని మెచ్చుకున్నది కూడా అతనే. మెప్పు మెప్పే కదా అని భానుమూర్తి సరిపెట్టుకున్నాడు.

ఆ ఏడు రసాలు కోసేటప్పుడు, సరదాకి సాంబయ్య గొంతు రికార్డు చేశాడు. సాంబయ్య కాయలు లెక్కపెడుతుంటే వినబుద్ధేసేది. ఒకటి అనడు, లాభం అంటాడు. "లాభం... లాభం... రెండూ... రెండూ..." అని రాగం తీస్తూ బుట్టలోకి వేస్తాడు. క్యాసెట్టు ఒక వైపంతా అదే, రెండో వైపు అప్పటికే పాటలున్నాయి. ఇక టేపు అయిపోవస్తుందనగా భానుమూర్తికి అల్లరి బుద్ధి పుట్టి, నీ పెళ్ళాం పేరేంటో చెప్పమని అడిగాడు. పెళ్ళయి పాతికేళ్ళయినా సాంబయ్య ఆమెని ఏమే అని పిలవడమే తప్ప పేరు నోటివెంట రానిచ్చినవాడు కాదు. నీళ్ళు నమిలి, మెడ గోక్కుని, చివరికి "దుర్గ" అన్నాడు. అనేసి పెద్దగా నవ్వాడు. వెనక్కి తిప్పి వినిపిస్తే దుర్గ చెంగు నోట్లో కుక్కుకుని పాక వెనక్కి పారిపోయింది.

జూన్ నెలాఖరులో ఒక శనివారం, రేడియో ఆయన ఒక కొత్త బృందం గురించి చెప్పాడు. వాళ్ళది ఒక్కటే రికార్డట, ఈ పూట కార్యక్రమమంతా వాళ్ళదేనట. భానుమూర్తి దగ్గర ఖాళీ క్యాసెట్టు లేదు. మిగతా రెండింటిలో ఉన్నవి ప్రాణంతో సమానమైన పాటలు. చేతిలో ఉన్నది సాంబయ్య క్యాసెట్టని తెలిసే, మొదటికి తిప్పి రికార్డుకి పెట్టాడు. సాంబయ్య ఎక్కడికి పోతాడు, వచ్చే కోతలకి మళ్ళీ లెక్కపెట్టిద్దాం అనుకున్నాడు. వార్తలు మొదలవగానే మీట నొక్కి ఆపేశాడు.

శ్రావణంలో మూడు రోజుల జ్వరంతో సాంబయ్య పోయాడు.

పెద్దకర్మ అయిన నాలుగోనాడు దుర్గ వచ్చి పెంకుల గది గుమ్మం పక్కన నిలబడింది. ఆయన గొంతు ఒకసారి వినిపించమంది. భానుమూర్తి సెల్స్ అయిపోయాయని అబద్ధమాడాడు. ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆగిరిపల్లి నడిచి వెళ్ళి, కొంగున మూటగట్టి నాలుగు సెల్స్ తెచ్చి అతని ముందు పెట్టింది.

ఆ నాలుగు సెల్స్ చూశాక ఇంకో అబద్ధం నోటికి రాలేదు.

"దుర్గమ్మా, దానిమీద నేను పాటలు ఎక్కించాను. సాంబయ్య గొంతు పోయింది" అన్నాడు తల వంచుకుని.

ఆమెకి అర్థం కాలేదు. "సున్నం ఏసినా గోడకి అడుగున పాత రంగు ఉంటది గదండీ. అడుగునుండదా?"

ఉండదన్నాడు.

ఆమె కాసేపు ఆ సెల్స్ వంకే చూసింది. తర్వాత గుమ్మంలో చతికిలబడి, "అయినా పెట్టండి బాబుగారూ. ఇంటాను" అంది.

పెట్టాడు. తను ప్రాణంపెట్టి విన్న పాటలే ఆవేళ చెవుల్లో గులకరాళ్ళు పోసినట్టున్నాయి. డ్రమ్ముల మీద ఎవడో కసి తీర్చుకుంటున్నాడు. ఇందుకోసమా అని తన మీద తనకే అసహ్యం పుట్టింది. దుర్గ మాత్రం కదల్లేదు. ఇరవై తొమ్మిది నిమిషాలు మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. ఆఖరి పాట అయిపోయి, వార్తల మొదటి మాట సగంలో తెగి, టక్కుమంది. ఒక క్షణం బుసబుసమనే చప్పుడు, తర్వాత సాంబయ్య నవ్వు. వెనక చిలకల గోల. "చాల్లెండి, ఇంక ఆపండి బాబుగారూ" అని అతని గొంతు. టేపు అయిపోయింది.

"పేరు చెప్పింతర్వాత నవ్విన నవ్వండీ అది" అంది దుర్గ. పేరు దాకా చెరిగిపోయింది, నవ్వు మిగిలింది. భానుమూర్తి గబగబా కొంచెం వెనక్కి తిప్పబోయాడు. ఆమె వద్దంది.

"మొదట్నించీ పెట్టండి. ఆ నవ్వు గబుక్కున వస్తే గబుక్కున పోతది."

అప్పట్నుంచి ప్రతి శనివారం ఆమె రావడం, ఇద్దరూ గుమ్మానికి చెరోపక్క కూర్చుని ఆ పాటలన్నీ వినడం మామూలైపోయింది. లండన్ కార్యక్రమం ఆ వేళకే వస్తుందని భానుమూర్తి చెప్పలేదు. ఒకరోజు ఆమె అతని చేతిలో గేమ్ చూసి, గెలిస్తే ఏమొస్తుందని అడిగింది. గెలవడం ఉండదని చెప్పాడు. మరెందుకు ఆడటం అంది. దానికి అతని దగ్గర ఏనాటినుంచో సిద్ధంగా ఉన్న జవాబు, ఆమె ముఖం చూస్తే చెప్పాలనిపించలేదు.

దసరా ముందు శనివారం, మూడో పాట నడుస్తుండగా దుర్గ తనంతట తనే అంది: "ఈ పాట పాడే పిల్లోడు మంచోడండీ. గొంతు చీరుకుపోతున్నా ఆపడు."

భానుమూర్తి ఉలిక్కిపడ్డాడు. రెండేళ్ళుగా తన మనసులో ఉన్న మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు. చెప్పాల్సినవి నలభై అభిప్రాయాలు ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి. ఇంత ఒంటరిగా ఉన్నానా ఇన్నాళ్ళూ అని అప్పుడే తెలిసినట్టయింది. ఔనని మాత్రం తలూపాడు.

ఆఖరి పాట అయిపోయింది. వార్తల మాట తెగింది, టక్కుమంది. బుసబుసమనే ఆ ఒక్క క్షణంలో దుర్గ తోటవైపు చూస్తూ, మెల్లిగా తన పేరు తనే చెప్పుకుంది.

"దుర్గ."

క్యాసెట్టులో సాంబయ్య నవ్వాడు.