లోపలి మెషీన్‌లో మధ్యాహ్నం

ప్రతి మంగళవారం ఎనిమిదింటికల్లా ఆపరేటరమ్మ చెప్పులు బయట విడిచి, స్వెట్టర్ తొడుక్కుని చల్లటి మెషీన్ గదిలోకి వెళ్ళేది. పెద్దాసుపత్రి మొత్తం అక్కడి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీదే నడిచేది. ఏ మందు ఎవరికి, ఏ రక్తం ఏ ఆపరేషన్ థియేటర్‌కి, అన్నీ అదే చెప్పాలి.

కొత్త ప్రోగ్రాం ఏదొచ్చినా నేరుగా దానికి ఎక్కించరు. దాని కడుపులో ఒక ఉత్తుత్తి మెషీన్ని, దాని లోపల మరొకదాన్ని లేపుతారు. ఆ లోపలిదాంట్లో ఆసుపత్రి సిస్టమ్‌ని ఆ ఉదయం ఉన్నదున్నట్టు కాపీ పెట్టి, గడియారం ముందుకు తిప్పి, ఏం చెడుతుందో చూస్తారు. చెడితే ఉదయం కాపీని మళ్ళీ ఎక్కిస్తారు. బయట ఎవరి మీదా ఈగ వాలదు.

కాపీతో పాటు ఆ గదీ, ఆసుపత్రీ, వాటిలోని మనుషులూ కూడా లోపల లేచేవారు. ఇంటర్‌కమ్‌లో మాట్లాడేవారు. బయటివాళ్ళని అక్కా, అన్నా అనడం వాళ్ళకి ఆనవాయితీ, తర్వాత పుట్టినవాళ్ళు కదా. సూపర్‌వైజర్ ఏ పనికీ తొందరపడడు గనక అందరూ ఆయన్ని తొందరయ్య అనేవారు. లోపలి తొందరయ్య కూడా ఏడు రింగులైతే గాని ఫోన్ ఎత్తేవాడు కాదు.

ఆ మంగళవారం ఆపరేటరమ్మ కూతురికి పదింటికి గుండె ఆపరేషన్. ఏడేళ్ళ పిల్ల. భర్త ఆసుపత్రిలో పాప దగ్గర ఉన్నాడు.

"సెలవు పెట్టాల్సిందమ్మా," అన్నాడు తొందరయ్య.

"అక్కడ బల్ల మీద కూర్చుని చేసేదేముందండీ? రక్తం జాబితా వెళ్ళేది ఇక్కణ్ణుంచేగా."

తొమ్మిదిన్నరకి కొత్త ప్రోగ్రాం అసలు మెషీన్‌కి ఎక్కాలి. ఆమె దాన్ని ముందు లోపల ఎక్కించి, గడియారాన్ని మధ్యాహ్నానికి తిప్పింది. నిమిషం గడవకముందే ఇంటర్‌కమ్ మోగింది.

"అక్కా." తన గొంతే, కానీ బొంగురుపోయి ఉంది. "జాబితాలో వరసలు తారుమారయ్యాయి. పక్క థియేటర్ రక్తం పాపకి ఎక్కించారు."

ఆపరేటరమ్మ ఇంటర్‌కమ్ మీదికి వంగింది. "పాప?"

"లేదక్కా. పోయింది."

కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత లోపలామె అంది, "నువ్వు దాన్ని అక్కడ ఎక్కించకు. నన్ను ఉదయం కాపీకి తిప్పెయ్. ఇదేదీ నాకు గుర్తుండకూడదు."

తిప్పాలంటే ముందు లోపలి సిస్టమ్‌ని ఆపాలి. లోపలి తెరకి ఎర్ర పట్టీ అంటించి ఉంటుంది. ఎంటర్ కొట్టే ముందు ఒకరు 'లోపల' అనాలి, రెండోవారు తెర చూసి 'లోపలే' అనాలి. ఆమె కళ్ళు తుడుచుకుని, ఆపమని టైపు చేసింది.

"లోపల."

"తియ్యమ్మా చెయ్యి!" తొందరయ్య కేక పెట్టాడు.

ఆ తెరకి ఎర్ర పట్టీ లేదు. కొట్టుంటే ఆసుపత్రే ఆగిపోయేది. ఆమె కుర్చీని పక్క తెర ముందుకి లాక్కుని, పట్టీని వేలితో తడిమి చూసుకుని, మళ్ళీ టైపు చేసింది.

"లోపల."

"లోపలే."

ఉదయం కాపీ ఎక్కింది, లోపలి గడియారం బయటికంటే అరగంట వెనక్కి వెళ్ళింది. ఈసారి కొత్త ప్రోగ్రాం పెట్టలేదు, గడియారం తిప్పలేదు.

"అక్కా, గుడ్ మార్నింగ్," అంది లోపలామె. "పాపని ఇంకా థియేటర్‌లోకి తీసుకెళ్ళలేదట. నీ గొంతేంటి అలా ఉంది?"

"జలుబు," అంది ఆపరేటరమ్మ.

కొత్త ప్రోగ్రాంని తొందరయ్య వెనక్కి పంపేశాడు. పన్నెండున్నరకి భర్త ఫోన్ చేశాడు. పాపని బయటికి తెచ్చారు, కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఆమె అక్కడే నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"పన్నెండు దాటింది. లోపలిది మూసెయ్యమ్మా," అన్నాడు తొందరయ్య మెల్లగా. పరీక్ష మెషీన్ని పన్నెండుకల్లా మూసెయ్యాలని రూలు.

"వాళ్ళ పాప ఇంకా థియేటర్‌లోనే ఉందండీ."

ఆయన చేతిలోని రిజిస్టర్ బల్ల మీద పెట్టి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఇంటర్‌కమ్ వైపే చూస్తూ ఉండిపోయారు. ఒంటిగంటకి అది మోగింది.

"అక్కా, కళ్ళు తెరిచింది!"

లోపలిది మూయకుండా ఆపరేటరమ్మ రిజిస్టర్‌లో 'పరీక్ష పూర్తి కాలేదు' అని రాసింది. తొందరయ్య సంతకం పెట్టాడు. పై మంగళవారం కూడా అదే రాసింది, ఆ పైవారం కూడా. ఆయన సంతకం పెడుతూనే ఉన్నాడు. కరెంటు రెపరెపలాడితే మాత్రం ఆమె ఇంటికి కాదు, ముందు లోపలికి ఫోన్ చేస్తుంది.

"పాప స్కూల్‌కి వెళ్ళిందా?"