ఫీబీ పురిటికి వెళ్ళినవాళ్ళ పేర్లు

ఆ జూన్ నెల ఉదయం ఫీబీ లైయన్ నిండు కడుపుతో తనంతట తనే నడుచుకుంటూ మంత్రసాని హల్డా పెక్ గేటు దగ్గరికి వచ్చింది. మా బ్రష్ హిల్ ఊళ్ళో అలాంటిది ఎవరూ ఎరగరు. నొప్పులు మొదలైతే మొగుడు గుర్రమెక్కాలి, ఇల్లిల్లూ తిరిగి పెళ్ళయిన ఆడవాళ్ళందర్నీ పిలుచుకు రావాలి. ఫీబీ మొగుడు ఏబెల్ చలికాలంలోనే చెప్పాపెట్టకుండా వెళ్ళి రాజుగారి సైన్యంలో చేరాడు. ఇక పిలవడానికి ఎవరున్నారు?

"ఉమ్మనీరు పోయింది పిన్నీ," అంది ఫీబీ గేటు పట్టుకుని. "నువ్వు రానంటే ఇక్కడే కూలబడతాను. ఇంకెక్కడికీ నడవలేను."

హల్డా మొహం గంటు పెట్టుకునే గేటు తీసింది. లైయన్ ఇంటివాళ్ళకి ఏమీ అమ్మకూడదు, వాళ్ళ దగ్గర కొనకూడదు, వాళ్ళతో మాట్లాడకూడదు అని రాజు మీద తిరగబడ్డ ఊరి కమిటీ కాగితం రాసి ప్రార్థనా మందిరం తలుపుకి కొట్టింది. దానికింద సంతకం చేసిన వాళ్ళలో ఆవిడా ఉంది. మొహమాటానికి చేసింది కాదు, ఒళ్ళు మండి చేసింది. ఏప్రిల్లో రాజు సైనికులు వచ్చి పక్క పట్నం డాన్‌బరీని తగలబెట్టి పోయారు. దారి చూపించింది ఏబెల్ లైయనే అని ఊరంతా అనుకుంది. వాళ్ళని తరుముతూ వెళ్ళి జెరూషా హాయిట్ కొడుకు నేథన్ తుపాకీ గుండుకి పోయాడు. పందొమ్మిదేళ్ళవాడు. వాణ్ణి ఈ లోకంలోకి తెచ్చింది హల్డా చేతులే. ఆవిడ తెచ్చిన పిల్లల్ని రాజు మనుషులు అలా చంపుకుంటూ పోతుంటే ఆవిడకి కడుపు రగిలిపోయింది.

కానీ పురుడు పురుడే. సంచీ భుజాన వేసుకుని ఫీబీని నడిపించుకుంటూ వెళ్ళింది.

లైయన్ వంటింట్లో బల్ల మీద, తెల్ల గుడ్డ కింద, పురిటికి వచ్చేవాళ్ళకి పెట్టే మూలుగుల కేకు ఉంది. పన్నెండు ముక్కలుగా కోసి కూడా ఉంది. ఈ పిల్ల ఎవరొస్తారనుకుని చేసిందో! హల్డా జాలి బయటపడకుండా గట్టిగా కసిరింది.

"పడుకో. చూడనీ."

చేత్తో తడిమి చూసింది. బిడ్డ కాళ్ళు కిందికి ఉన్నాయి. ఇలాంటి కాన్పు మంచం మీద పడుకోబెట్టి చేసేది కాదు. వెనక ఒక గట్టి మనిషి కూర్చుని ఒళ్ళో పెట్టుకోవాలి, ఇద్దరు చెరోవైపూ పట్టుకోవాలి. మా ఊళ్ళో ఏ ఆడదైనా పక్కింటామె ఒళ్ళోనే కన్నది. హల్డాకి ఉన్నవి రెండే చేతులు. ఆ రెంటితో తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ దక్కించుకోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"అరగంటలో వస్తా. నేను చెప్పేదాకా ముక్కొద్దు," అని చెప్పి వీధిన పడింది.

ముందు ప్రార్థనా మందిరం పెద్ద, డీకన్ గిడియన్ సీలీ ఇంటికే వెళ్ళింది. కమిటీకీ పెద్ద ఆయనే. ఆయన భార్య మర్సీ పిండి చేతులతో బయటికొచ్చింది గానీ, మాట ఆయనే అందుకున్నాడు.

"కాగితం మీద మీరూ సంతకం పెట్టారు హల్డాగారూ. ఆ గడప తొక్కిన ప్రతివాళ్ళ పేరూ ఆదివారం అందరి ముందూ చదువుతాను. మా ఇంట్లోవాళ్ళయినా సరే."

"చదువు నాయనా, గొంతెత్తి చదువు. నీ బొడ్డు కోసినప్పుడు కూడా ఇలాగే అరిచావు."

మర్సీ నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. కానీ వెంట రాలేదు. ఇంకో నాలుగిళ్ళలోనూ అదే జవాబు. మా ఆయన ఒప్పుకోడు. మా మరిది కమిటీలో ఉన్నాడు. పాపం అనిపిస్తుంది గానీ ఏం చేస్తాం.

తిరిగి వస్తుంటే అవిసె చేలో కలుపు తీస్తున్న జెరూషా నడుం ఎత్తి చూసింది. ఆ ఇంటికి వెళ్ళి అడిగే మొహం హల్డాకి లేదు.

"ఎవరికక్కా?" అంది జెరూషా.

"ఫీబీకి. ఎదురుకాళ్ళు. పట్టుకోవడానికి మనిషి లేదు."

జెరూషా వంగి మళ్ళీ కలుపు తీయసాగింది.

హల్డా ఒంటరిగానే ఆ గది తలుపు తీసింది. ఫీబీ మంచం కోడు పట్టుకుని వణికిపోతోంది. హల్డాకి ఊరి మీదా కమిటీ మీదా కంటే తన సంతకం మీదే అసహ్యం వేసింది. చేతులు కడుక్కుంటూ మనసులో దేవుడితో పోట్లాడుతుండగా వెనక తలుపు కిర్రుమంది.

మర్సీ సీలీ. చేతిలో జల్లెడ.

"ఎప్పుడో తీసుకున్నాను, ఇచ్చిపోదామని..." అని గొణిగి, జల్లెడ అక్కడ పడేసి చేతులు పైకి మడుచుకుంది.

ఇంకాసేపటికి ఇందాక కాదన్నవాళ్ళలో ఒకామె, పేషెన్స్ క్రోఫట్, చేతిలో ఏమీ లేకుండా వచ్చింది. "మా కోడి ఇటేమైనా వచ్చిందా?"

"మంచం కింద ఉందేమో, వంగి చూడు. చూస్తూ ఆ కుడి చెయ్యి పట్టుకో," అంది హల్డా.

నొప్పుల మధ్యలో కూడా ఫీబీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. వచ్చిన ఇద్దరూ సన్నటి మనుషులు. పక్కల పట్టుకోగలరు, మోయలేరు. ఒడి కావాలి.

అంతలో బయట డీకన్ గొంతు. కాగితం, కలం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "లోపలున్నవాళ్ళు పేర్లు చెప్పండి!"

హల్డా గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "కావాలంటే లోపలికొచ్చి చూసి రాసుకో గిడియన్."

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. పురిటి గదిలోకి మగవాడు రావడమా! రాజు మాటైనా కమిటీ మాటైనా మా ఊళ్ళో చెల్లుబాటు కాని చోటు అదొక్కటే.

"మర్సీ లోపలుందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంటికెళ్ళి చూసుకో. భోజనం తయారుగా ఉంటే ఇక్కడ లేనట్టు."

ఆయన ఏదో అనబోయేలోగా వెనక నుంచి మట్టికాళ్ళతో జెరూషా హాయిట్ వచ్చింది. "నా పేరు రాసుకో డీకన్. అందరికంటే పైన రాసుకో," అని ఆయన్ని తప్పించుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కలం కదల్లేదు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి పేరు ఏ నోటితో చదువుతాడు?

జెరూషా ఫీబీ ఎదురుగా నిలబడి సూటిగా అడిగింది.

"వాళ్ళకి దారి చూపించింది మీ ఆయనేనా?"

"తెలీదు అత్తా," అంది ఫీబీ ఊపిరి అందక. "ఒట్టు, నాకు తెలీదు. కాదని నేను చెప్పలేను. ఉత్తరం ముక్కయినా రాయలేదు."

కాదని అబద్ధం చెప్పి ఉంటే జెరూషా అక్కడినుంచే వెనక్కి తిరిగేదని హల్డా ఈనాటికీ అంటుంది. జెరూషా పొట్టి కుర్చీ లాక్కుని, గోడకి ఆనించి, గట్టిగా కూర్చుంది.

"నేథన్‌ని కన్నప్పుడు రెండు పగళ్ళు కాలం చేసిన మీ అత్తగారు నన్ను ఒళ్ళో పెట్టుకుంది. దింపలేదు," అంది. "రా."

మధ్యాహ్నం మూడింటికి బిడ్డ కాళ్ళు వచ్చాయి, తర్వాత నడుం, తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. జెరూషా చేతులు ఫీబీ చంకల కింద ఇనుములా బిగుసుకున్నాయి. చివరికి తల వచ్చింది. హల్డా బిడ్డని తలకిందులు చేసి తట్టింది, మళ్ళీ తట్టింది. అప్పుడు బిడ్డ ఏడ్చింది, ఇల్లు ఎగిరిపోయేలా.

"ఆడపిల్ల!" అంది మర్సీ. "హమ్మయ్య, ఏ సైన్యానికీ ఇవ్వక్కర్లేదు."

అందరూ నవ్వారు. జెరూషా నవ్వలేదు. లేవబోతే తిమ్మిరెక్కిన కాళ్ళు నిలవలేదు. మళ్ళీ కుర్చీలో కూలబడి, ఏప్రిల్ తర్వాత మొదటిసారి, అందరూ చూస్తుండగా భోరున ఏడ్చింది. హల్డా ఆవిడ తల తన పొట్టకి అదుముకుని, తనూ ఏడ్చింది.

కాస్త తేరుకున్నాక జెరూషా ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుంది. "మీ ఆయన తిరిగొస్తే వాడితో నేను మాట్లాడను. చచ్చేదాకా మాట్లాడను. అది నువ్వు అడగొద్దు."

"అడగను," అంది ఫీబీ.

బాలింత దగ్గర వారం రోజులు రోజుకొకరు ఉండాలి. హల్డా ఎప్పటిలా మిగిలినవాళ్ళవైపు తిరిగి, "రేపెవరుంటారు?" అంది.

మర్సీ, పేషెన్స్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆవు పాలు పితికి వస్తాను," అంది జెరూషా. "రేపు నా వంతు."