క్లెమెంట్ మామ చూపించే గొయ్యి

సోలమన్ దీవుల్లోని గువాడల్‌కెనాల్‌లో, మా కొండ మీద, అమెరికా, జపాను సైనికులు కొట్టుకున్న రెండో ప్రపంచ యుద్ధం నాటి గోతులు చాలానే ఉండేవి. దుంపలు నాటి, పందుల్ని తోలి, అన్నీ పూడ్చేసుకున్నాం. చివరికి గొయ్యంటూ ఒక్కటే మిగిలింది. మా క్లెమెంట్ మామకి ఆ ఒక్కటీ చాలు. అమెరికా మనవడొస్తే "మీ తాత ఇందులోంచే కాల్చాడు" అంటాడు. జపాను కొడుకొస్తే "మీ నాన్న ఇందులోనే ఒరిగాడు" అంటాడు. వచ్చినవాళ్లు ఏడుస్తారు. మామా ఏడుస్తాడు. అది మాత్రం అబద్ధం కాదు.

ఆ ఉదయం కురహాషి అనే జపాను ముసలాయన వచ్చాడు. సంచిలోంచి చిన్న సీసా తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. వాళ్ల ఊరి బావినీళ్లట. నాన్న పోయిన చోట పొయ్యమని తల్లి పోతూ పోతూ చెప్పిందట. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక మళ్లీ రాలేడట. వెంట వచ్చిన దుబాసీ పిల్ల ఇదంతా చెప్పింది.

"ఇక్కడే సార్! సరిగ్గా ఇక్కడే!" అని మామ గుండె మీద చరుచుకున్నాడు.

ముసలాయన మూలుగుతూ మోకరిల్లి మూత తిప్పాడు. చిక్కుడు పాదుల్లోంచి మా అమ్మ లేచి, బుగ్గన వక్క సర్దుకుంది.

"ఒరే క్లెమెంట్! అది నా పెళ్లికి పందిని ఉడికించిన గొయ్యి కాదట్రా?"

"అక్కా, నువ్వూరుకో!"

"ఎందుకూరుకుంటాను? అమ్మ నాకిచ్చిన నేల. ఆ రాళ్లకి మసి ఇంకా వదల్లేదు. ఆ పంది తలకాయ తిన్నది నువ్వే!"

మామ దుబాసీ పిల్లకి కన్నుగీటాడు. "ఇది మాత్రం చెప్పకు తల్లీ."

"చెప్పక్కర్లేదు," అన్నాడు కురహాషి, మేం మాట్లాడే పిజిన్ భాషలోనే. "కుర్రతనంలో ఇక్కడి చేపల కంపెనీలో ఆరేళ్లు పనిచేశాను."

సీసాకి మళ్లీ మూత బిగించాడు. మామ తల ఎత్తలేదు.

అమ్మ దగ్గరికొచ్చింది. "మీ నాన్న ఎక్కడ పడ్డాడో ఎవరికీ తెలీదన్నా. వీడికసలే తెలీదు. తూటా తగిలా?"

"ఆకలికి. బతికొచ్చిన స్నేహితుడు చెప్పాడు. చివర్లో చిలగడదుంపలు, చిలగడదుంపలు అని కలవరించాడట."

అమ్మ గొయ్యి వైపు చూసింది. చిలగడదుంపలున్న తన బుట్ట వైపు చూసింది.

"అయితే చోటు మరీ తప్పేం కాదు. నిలబడ్డావేంరా, కట్టెలు పట్రా!"

మామ పరుగెత్తాడు. రాళ్లు కాలాయి. దుంపలు పేర్చి అరిటాకులు కప్పాం. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆకులు తీశాం. కురహాషి మొదటి దుంపని రాయి మీదే ఉంచి, సీసా వంచాడు. రాయి బుస్సుమంది. ఆయన తన భాషలో ఏదో అన్నాడు.

"తిను నాన్నా, అంటున్నారు," అంది దుబాసీ పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

తర్వాత వారం అమెరికా మనవడొకడు వచ్చాడు. మామ అమ్మ వైపు ఓరగా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇది మా వంట గొయ్యి సార్. మీ తాత సంగతి నాకు తెలీదు. కూర్చోండి, దుంప తినండి."

అతనూ ఏడ్చాడు. పొగకి, అంటుంది అమ్మ.