జుల్మీరా ఎదుట బయాకు ముక్క

ఒంట్లో విషముండే బయాకు చేపని ఎవరు కోస్తే వాళ్ళే మొదటి ముక్క తినాలి, తిని కాసేపు ఆగకుండా మాట్లాడాలి. ఆ ఏటిమొగ ఊళ్ళో అది కట్టుబాటు. నాలుక తడబడిందా, విషం మిగిలినట్టే. కూర చట్టితో సహా ఏటిపాలు. మాట నిలబడిందా, ఊరంతా పళ్ళేలు పట్టుకుని కూర్చుంటుంది.

అదేల్మోకి ఆ చేపంటే భయం లేదు. పొట్ట బంతిలా ఉబ్బించుకునే ఆ మొండిఘటాన్ని కోసి, తోలు వొలిచి, విషపు చేదుకట్టు చిట్లకుండా తీయడం అతనికి చిన్నప్పట్నుంచీ అలవాటే. భయమల్లా తను మనసుపడ్డ జాండిరా తల్లి జుల్మీరా అంటేనే. "నీ చేతి బయాకు నేను తిన్ననాడు నా పిల్లనడుగు, అంతవరకూ గుమ్మం తొక్కకు," అని ఆవిడ తెగేసి చెప్పింది. ఈ ఆదివారం దానికే పిలిచాడు.

అదేల్మో ముక్క నోట్లో వేసుకున్నాడు. వెన్నలా కరిగింది. ఎదురుగా జుల్మీరా నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఊఁ, మాట్లాడు."

"అ... అమ్మగారూ... చే... చేప..."

అంతే! "ఓరి నాయనో, నాలుక పడిపోయింది!" అని పొరుగింటి వాల్దోమీరో గావుకేక పెట్టాడు. నలుగురూ అదేల్మోని ఎత్తుకెళ్ళి ఏటి బురదలో కుదేశారు. ఒకడు ముక్కు మూశాడు, ఇంకొకడు విషానికి విరుగుడంటూ గ్లాసెడు పామాయిల్ గొంతులో పోశాడు. జాండిరా లబోదిబోమంది. ఇంతలో వాల్దోమీరో చట్టి తెచ్చి ఏట్లో కుమ్మరించబోయాడు.

తన పెళ్ళి ఏట్లో కలిసిపోతుంటే అదేల్మోకి తిక్క రేగింది.

"దించవయ్యా చట్టి! నా చేపకేం రోగం? పొద్దున్నుంచీ చేతులు పడిపోయేలా కడిగాను! నాలుక మొద్దుబారింది చేపవల్ల కాదు, ఈవిడవల్ల! ఈవిడ కళ్ళెర్రజేస్తే నా పేరే నాకు గుర్తురాదు! అయినా సరే, జాండిరాని చేసుకోక మానను, ఏం చేసుకుంటారో చేసుకోండి!"

ఒక్క మాట తడబడలేదు. అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. పైప్రాణాలు పైనే పోయాయి.

జుల్మీరా చీలమండల దాకా బురదలోకి దిగొచ్చింది.

"పెళ్ళికి ముందు మా ఆయనా ఇంతేరా. నన్ను చూస్తే చాలు, మాట పెగిలేది కాదు. ఆయన పోయాక అలా తడబడే మొహం మళ్ళీ చూస్తాననుకోలేదు," అంటూ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత చట్టిలో చెయ్యిపెట్టి ఓ ముక్క తీసి నోట్లో వేసుకుంది. అందరూ ఆవిడ నోటికేసే చూశారు. ఆవిడ నింపాదిగా నమిలి మింగింది.

"ఉప్పు చాల్లేదు, అల్లుడూ!"